మరియా చేసిన సర్వపిండి

శాంతయ్య వంటగదిలోకి పిల్లలను రానిచ్చే మనిషి కాడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవయ్యారేళ్లు వంటమాస్టరుగా చేశాడు. పూటకు మూడువందల మందికి వండేవాడు. పొయ్యి దగ్గర ఎవరైనా ముచ్చట్లు పెడితే గరిటెతో గుమ్మం చూపించేవాడు. అలాంటివాడికి ఆ శనివారం ఇద్దరు శిష్యులు తగులుకున్నారు. మనవరాలు మరియాకు నాలుగున్నరేళ్లు, మనవడు జోయెల్‌కు రెండు.

దీనికంతటికీ మూలం డాక్టరు మాట. మరియా పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టదు. బరువు తగ్గుతోందని కోడలు విక్టోరియా ఏఎస్ రావు నగర్‌లో పిల్లల డాక్టరుకు చూపించింది. బలవంతంగా కుక్కడం మానండి, వండేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చేయించండి, తన చేత్తో చేసింది తనే రుచి చూస్తుంది అన్నాడాయన. విక్టోరియా ఉప్పల్‌లో నర్సు, శనివారం డ్యూటీ తప్పదు. కొడుకు శామ్యూల్ పొద్దున్నే ఘట్‌కేసర్ వైపు పనికి పోతాడు. ఇక మిగిలింది శాంతయ్యే.

"మామయ్యా, ఇంట్ల వంట తెలిసినోళ్లు మీరొక్కలే. జర ఓపిక పట్టి చేపియ్యిన్రి," అంది విక్టోరియా చెప్పులు వేసుకుంటూ.

ఆ మాటకు అతను కాదనలేకపోయాడు. బాగా ఆలోచించి, గిన్నెలో కాల్చే బియ్యప్పిండి రొట్టె సర్వపిండిని ఎంచుకున్నాడు. చల్లని గిన్నెలోనే పిండి అద్దుతారు కనుక పిల్లల చేతులు కాలవు. వేలితో చిల్లులు పెట్టడం వాళ్లకు ఆటలా ఉంటుంది. పావుగంట పని అనుకున్నాడు.

చేతులు కడిగించడానికే పావుగంట పట్టింది. కడిగిన చేతులతో జోయెల్ చెప్పులు పట్టుకున్నాడు. మళ్లీ కడిగించాడు. వాడు ఈసారి చీపురు పట్టుకున్నాడు. మరియాకేమో మామూలు గ్లాసు వద్దు, తన గులాబీరంగు కప్పుతోనే పిండి కొలవాలి. ఆ కప్పు మంచం కింద దొరికింది. దాన్ని తోమాడు, తుడిచాడు. అంతలో జోయెల్ నానబెట్టిన శనగపప్పు గిన్నెలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి నేల మీద జల్లాడు.

శాంతయ్య పళ్లు బిగబట్టాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు, కరివేపాకు మరియా చేత వేయించాడు. ఒక్కొక్క దానికీ ఆమె ఎందుకని అడిగింది. నువ్వులెందుకు, నువ్వులు తెల్లగా ఎందుకున్నాయి, కరివేపాకు తినకుండా తీసేస్తాం కదా, మరి ఎందుకెయ్యడం. ఇరవయ్యారేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నలు అవి. ఉప్పు ఒక చెంచా వేసి, ఆమె ఇంకో చెంచాకు చెయ్యి చాచితే డబ్బా లాక్కున్నాడు. నీళ్లు తనే పోస్తానని మారాం చేస్తే చెంబు ఇచ్చాడు. ఆమె ఒక్కసారిగా కుమ్మరించింది. పిండి జావలా అయింది. గట్టిపరచడానికి ఇంకాస్త పిండి తీయబోయేసరికి జోయెల్ వెనకనుంచి పిండి డబ్బాను పట్టి లాగాడు. డబ్బా బోర్లాపడింది. వాడు పిండిలో కూర్చుని రెండు చేతులా చరుస్తూ నవ్వాడు.

"ఇది వంటిల్లా, బజారా? నడువున్రి బయటికి!"

ఆ గొంతు క్యాంటీన్‌ది. మూడు పొయ్యిల మోత మీదుగా అవతలి గోడ దాకా వినిపించిన గొంతు. ఈ చిన్న గదిలో అది మరీ పెద్దదైపోయింది. జోయెల్ బిక్కమొహం పెట్టి ఏడుపు లంకించుకున్నాడు. మరియా ఏడవలేదు. పిండి చేతులు గౌనుకు తుడుచుకుని, వెళ్లి మంచం పక్కన గోడవైపు తిరిగి కూర్చుంది.

శాంతయ్య జోయెల్‌ను ఎత్తుకుని, కడిగి, బట్టలు మార్చి, ఊపి ఊపి నిద్రపుచ్చాడు. నేల ఊడ్చాడు. తర్వాత పది నిమిషాల్లో ఒంటరిగా పిండి సరిచేసి, గిన్నెలో పలుచగా అద్ది, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి కాల్చాడు. అంచులు ఎర్రగా, కరకరలాడుతూ వచ్చింది. దాన్ని తుంచి పళ్లెంలో పెట్టి మరియా ముందు ఉంచాడు. ఆమె చూడను కూడా చూడలేదు.

"గది నువ్వు చేసినవ్ తాతా. నాది కాదు."

శాంతయ్యకు ఒళ్లు మండింది. ఇంత చక్కటి సర్వపిండిని వద్దన్నవాళ్లు ఇంతవరకు లేరు. తిట్టబోయి ఆగాడు, ఎందుకంటే పిల్ల చెప్పింది నిజం. దీంట్లో ఆమె వేలు పడిన చోటంటూ లేదు. వెళ్లి గడప మీద కూలబడ్డాడు. ఆకలేస్తోంది, నడుము పీకుతోంది, చేసిన పనికి ఫలితం లేదు. చివరికి లేచి, డబ్బా అడుగున మిగిలిన రెండు గుప్పెళ్ల పిండి తీసి మరియాను పిలిచాడు.

ఈసారి తను ముట్టుకోలేదు. తువ్వాలు రెండు చేతులా పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మరియా ఉప్పు మూడుసార్లు వేసింది. చూస్తూ ఊరుకోవడం అతనికి ప్రాణసంకటమైంది. ఆమె పిండిని గిన్నె మధ్యలో కుప్పగా పెట్టి అరచేత్తో చరిచింది. చిల్లులన్నీ ఒకే మూల పెట్టింది. పొయ్యి మీదికి మాత్రం అతనే ఎక్కించాడు. అంచులు మాడాయి, నడుమ పచ్చిగానే మిగిలింది.

మరియా అంచు ముక్క తుంచి, ఊది ఊది నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. ఇంకో ముక్క తిన్నది. తర్వాత పళ్లెం అతనివైపు జరిపింది.

"ఉప్పెక్కువైంది తాతా."

పిల్ల ఎదుట పారేయడానికి చేతులు రాక, మిగిలింది శాంతయ్యే తిన్నాడు. మూడు గ్లాసుల నీళ్లు తాగాల్సి వచ్చింది.

నాలుగు దాటాక విక్టోరియా వచ్చింది. మొదట వంటగది చూసి గతుక్కుమంది, ఆ తర్వాతే ఏమన్నా తిన్నదా అని అడిగింది.

"రెండు బుక్కలు," అన్నాడు శాంతయ్య. "పొద్దంత పోయింది బిడ్డా, గా రెండు బుక్కలకు."

ఆమె మాత్రం సంబరపడిపోయింది. మొదటిరోజు ఒక్క బుక్క తిన్నా చాలని డాక్టరు అన్నాడట. వచ్చే శనివారం చపాతీలు చేయించమంది. శాంతయ్య ఆమెనే వచ్చే శనివారానికి డ్యూటీ మార్చుకోవడం కుదురుతుందేమో ఆసుపత్రిలో అడిగి చూడమని చెప్పి, నడుముకు బామ్ రాసుకోవడానికి లోపలికి పోయాడు.