చేతులు చూసే బల్ల

మా పిల్లల గ్రంథాలయంలో బొమ్మల పుస్తకం ఇచ్చే ముందు చేతులు చూడాలని నియమం. ఆ బల్ల దగ్గర పదకొండేళ్ళుగా ఉన్నది నేనే. మా వంశంలో మొదట డిగ్రీ చదివినవాణ్ణి కావడం వల్లనేమో, పుస్తకం మీద మరక పడితే నా ప్రాణం ఉసూరుమంటుంది.

శనివారం మా అమ్మాయి బల్ల మీద రెండు చేతులూ చాపింది. వేళ్ళ నిండా సిరా.

"ఏమిటే ఇది! వెళ్ళి కడుక్కో."

"ఇప్పుడు చూశావు. ఇందాక పుస్తకం ఇచ్చేటప్పుడు చూడలేదేం? నా వెనకాల నిలబడ్డ దాని చేతులు మాత్రం తిప్పి తిప్పి చూశావు."

'అది' అంటే బడిలో తన బెంచీలో కూర్చునే పిల్ల. ఈమధ్యే మా వీధి చివర దిగిన కుటుంబం. బాగా నలుపు, ఉంగరాల జుట్టు.

"అందరివీ చూస్తానే."

"ఎక్కడ? పొద్దుట్నుంచి లెక్కపెట్టా. ముగ్గురివే చూశావు. ముగ్గురూ దానిలాంటి వాళ్ళే. ఇంక రానంటోంది నాన్నా!"

'నీకు తెలీదులే' అనబోయాను. తెలియనిది ఎవరికో అర్థం కాలేదు.

ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను.

"కావాలని చేశారా?"

"ఛ! లేదు."

"మరి మిమ్మల్నడక్కుండా మీ కళ్ళే చేశాయా?"

"వేళాకోళం కాదు. పిల్లకేం చెప్పాలి?"

"నన్నడిగితే? 'వాళ్ళతో ఆడకు' అని తప్ప మా పుట్టింట్లో మాత్రం ఏం చెప్పారు గనక!"

మర్నాడు మా అమ్మాయి తన స్నేహితురాల్ని బతిమాలి లాక్కొచ్చింది. నేను నోరు తెరవకముందే ఆ పిల్ల చేతులు చాపింది.

"వద్దు తల్లీ. ఇన్నాళ్ళూ నీ చేతులే చూశాను. తప్పు నాదే."

ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. "రెండుసార్లు కడిగానండీ," అంది.

"నీకు చెప్పడం రాదు నాన్నా. ముందు పుస్తకం ఇవ్వు," అని మా అమ్మాయి తనే అందుకుంది. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు.

తర్వాత డాక్టరుగారి కూతురు, వెంట వాళ్ళమ్మ.

"చేతులు చూపించమ్మా," అన్నాను.

"మా పిల్లవి కూడానా?" అందావిడ నవ్వుతూ.

కిటికీ దగ్గర పేజీ తిప్పడం ఆగింది.

"అందరివీనండీ."

ఆ చేతులు పట్టుకున్నానే గానీ, శుభ్రంగా ఉన్నాయో లేదో చప్పున తేల్చుకోలేకపోయాను. ఇన్నాళ్ళూ దేన్ని చూసి తేల్చానో!

సాయంత్రం దారిలో మా అమ్మాయిని అడిగాను.

"నీ స్నేహితురాలు రేపు వస్తానందా?"

"అడగలేదు నాన్నా. అడిగితే రానంటుందేమోనని."