మూడు పొరల గోడ

నేను ఒక పెద్ద డ్రమ్మును. కూర్చుని పెడల్ తొక్కితే మోగుతాను, ఊరేగింపులో మెడకు తగిలించుకుంటే గుడ్డచుట్టిన కర్రతో మోగుతాను. నన్ను మొదటిసారి ఎత్తిన ప్రతివాళ్లూ అనే మాట ఒకటే: "ఇంతేనా?" నా ఆకారం చూసి, నడుం వంచి, ఊపిరి బిగబట్టి లేపుతారు. నేను ఖాళీ గంపలా పైకి వచ్చేసరికి తూలి ఒక అడుగు వెనక్కి వేస్తారు. తమ అంచనా తప్పిందని ఒక్కరూ అనుకోరు. నాలోనే ఏదో లోపముందనుకుంటారు.

లోపం కాదు, నన్ను చేసిన పద్ధతే అది. సముద్రం అవతల ఒక కార్ఖానాలో మూడు పల్చటి చెక్కపొరలను జిగురుతో అతికించి, వేడిలో వంచి, గుండ్రంగా చుట్టారు. నా గోడకు మినపరొట్టె మందం కూడా ఉండదు. అంత పల్చటి గోడ వానకీ ఎండకీ వంకర పోకుండా లోపల రెండంచులకూ గట్టి చెక్కతో కట్టు వేశారు, గంపకు అంచు అల్లినట్టు. పైతోలు మీద దెబ్బ పడితే దాంతోపాటు నా గోడ కూడా వణుకుతుంది. అందుకే నా గొంతు కిందిస్థాయిలో, గుండ్రంగా ఉంటుంది.

ఒక ఓడలో వాయించే ఆయన నన్ను విశాఖపట్నం రేవులో వదిలి వెళ్లాడు. సామాను తగ్గించుకోమంటే మనుషులు తేలికైనదాన్నే ముందు వదిలేస్తారు, విచిత్రం. తర్వాత రేవు కార్మికుల క్లబ్బులో మోగాను. అక్కణ్నుంచి పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించే రూబేను చేతికి వచ్చాను. ఆయన పోయాక కూతురు కెజియా నన్ను తీసుకుంది.

కెజియా చిన్నపిల్లల బడిలో టీచరు. వాళ్ల చర్చి కొండవాలు మీద ఉంది, పైకి మెట్లే దారి. ఆ సంఘంలో పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వాద్యం వాళ్లే మోయాలి, మోసినవాళ్లే వాయించాలి. ఆడపిల్ల డ్రమ్ము దగ్గర కూర్చోవడమేమిటని మొదట్లో కొందరు గొణిగారు. కెజియా నన్ను భుజానికి తగిలించుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చి కూర్చుంది. ఇక ఎవరు కాదంటారు? నా తేలికతనమే ఆమె కూర్చున్న పీట.

తర్వాత చర్చికి కొండ దిగువన కొత్త హాలు కట్టారు. అందులో శాశ్వతంగా ఉండే డ్రమ్ములు కావాలన్నారు. సంఘపెద్ద ఎలీషాగారి మేనల్లుడు ఒక కొత్త సెట్టు ఇస్తానన్నాడు. దాని గోడ తొమ్మిది పొరలు, ఇనుపకాళ్లు, ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఏ డ్రమ్ము హాల్లో నిలిస్తే దాన్ని వాయించేవాళ్లదే ఆ స్థానం. కోత పండుగనాడు తేల్చేద్దామన్నారు.

కోత పండుగకు విశ్వాసులు గుమ్మడికాయలు, పనసకాయలు, కోళ్లు కానుకగా తెస్తారు, వాటిని వేలం వేస్తారు. వేలానికి ముందు ఎలీషాగారు ప్రతిదాన్నీ చేత్తో ఎత్తి చూస్తారు. ఆయన చెయ్యే ఆ సంఘానికి తక్కెడ. డ్రమ్ములనూ అలాగే చూద్దామన్నారు. ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

ఈ కబురు కెజియా మేనమామ నతానియేలు చెవిన పడింది. ఆయన చేపలపడవలు చేసే వడ్రంగి. పల్చటి చెక్క మనిషిని ముంచుతుందన్నది ఆయన నమ్మకం. కెజియా బడికి వెళ్లినప్పుడు నా తోలు విప్పి, లోపలి గోడ చుట్టూ మందపాటి ప్లైవుడ్ అతికించాడు. పండుగనాడు కూడా, ఈ పూట కట్టుబాటెవరు చూస్తారులే, నువ్వు మొయ్యొద్దని చెప్పి, తనే నన్ను మోసుకొచ్చాడు.

ఎలీషాగారు నన్ను ఎత్తారు. ఈసారి తూలలేదు. మొహం విప్పారింది.

"ఇదీ సరుకంటే. ఇన్నాళ్లూ తేలిగ్గా ఉండేది ఇయ్యాల ఎలాగ బరువొచ్చిందో, అంతా పెబువు దయ."

గుమ్మడికాయల వెనక నతానియేలు మీసం సవరించుకున్నాడు. కెజియా కూర్చుని పెడల్ ఒక్కసారి తొక్కింది. నాలోంచి వచ్చిన చప్పుడు నేనే పోల్చుకోలేకపోయాను. మూసిన తలుపును ఎవరో తట్టినట్టుంది. ఆమె వేలితో నా గోడను తట్టి చూసింది. తర్వాత మేనమామను చూసింది. ఆయన తల దించుకున్నాడు.

నోరు మెదపకపోతే చాలు, స్థానం ఆమెదే. కానీ ఈస్టరుకు ముందు మట్టలు పట్టుకుని కొండెక్కే మట్టల ఆదివారం ఊరేగింపుకు ఈ బరువుతో నన్ను మెట్లెక్కించగలదా? ఎక్కించినా, అక్కడ మోగేది ఏది?

"పెద్దయ్యా, ఈ బరువు డ్రమ్ముది కాదు. మా మావయ్య పేమది. ఇది తీస్తేగానీ మోగదు."

"నీకోసమే గదే అమ్మీ," అన్నాడు నతానియేలు.

"తెలుసు మావయ్యా. ఉలి తెచ్చేవా?"

"ఉలి లేకుండా నానెప్పుడు తిరిగేను?"

వరండాలో పనసకాయల మధ్యే ప్లైవుడ్ ఊడదీశారు. దాంతోపాటు నా లోపలి పొర కూడా అక్కడక్కడా లేచిపోయింది. ఎలీషాగారు మళ్లీ ఎత్తి చూసి, పెదవి విరిచి, తొమ్మిది పొరలదాన్నే హాల్లో పెట్టించారు. నిజం చెప్పాలి, ఆ పెద్ద హాల్లో దాని మోత చివరి బెంచీకి చేరుతుంది. నాది అంతదూరం వెళ్లదు. నేను కెజియా ఇంట్లో మంచం కింద ఉండిపోయాను. చర్చిలో ఆమె ఆడవాళ్లతో చాపమీద కూర్చుంటోందని, పాట మొదలైతే చీర అంచు కింద పాదం కదులుతూనే ఉందని నతానియేలు తన అక్కాచెల్లెళ్లకు చెబుతుంటే విన్నాను.

మట్టల ఆదివారం వచ్చింది. ఊరేగింపు కొండమీది కాలనీకి వెళ్లాలి. తొమ్మిది పొరలదాన్ని మెట్ల మొదటిదాకా మోసుకొచ్చిన ఇద్దరూ దాన్ని దించి, పైకి చూసి, ఒకరినొకరు చూసుకున్నారు. మేనల్లుడు చెమట తుడుచుకున్నాడు. ఎలీషాగారు కెజియా వైపు తిరిగారు.

"నీది తెచ్చీమ్మా."

ఆమె నన్ను భుజాన వేసుకుని వచ్చింది. మెట్లు బాగా ఎత్తుగా ఉన్న మలుపు దగ్గర ఎలీషాగారు పైమెట్టు మీద నిలబడి నన్ను అందుకోబోయారు. అలవాటుకొద్దీ నడుం వంచారు, ఊపిరి బిగబట్టారు, లేపారు, తూలారు. మట్టలు పట్టుకున్న పిల్లలు నవ్వారు. ఆయన నన్ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని చూశారు.

"ఇంతేనా," అన్నారు మెల్లగా. ఆ తర్వాత నన్ను కెజియా చేతుల్లో పెట్టేశారు. "నువ్వే మొయ్యమ్మా. నాను మోస్తే నానే వాయించాల, సంఘం పారిపోతాది."

నాలోంచి ఊడిన ప్లైవుడ్ ఇప్పుడు నతానియేలు కోళ్లగూటికి కప్పు. వాన పడితే బాగా మోగుతుందట. పొర లేచిన చోట నా గొంతులో చిన్న గరగర మిగిలిపోయింది. కెజియా దాన్ని బాగు చేయించలేదు. ఆ రోజు కొండమీద ఆమె నన్ను మెడకు తగిలించుకుని మొదటి దెబ్బ వేసినప్పుడు నా గోడ వణికింది. నాకు ఆనుకున్న ఆమె కడుపులోకి కూడా ఆ వణుకు వెళ్లింది. కోత పండుగనాడు మందపు గోడతో మోగినప్పుడు అది ఆమెదాకా చేరలేదు.