పొయ్యి వెలిగితే ఆరిపోయే పెట్టె

మైరె మూడు శీతాకాలాలు కూర్చుని టైపు చేసిన పుస్తకం ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా ప్రెస్సుకి చేరాలి. పుస్తకం ఉన్న కంప్యూటరేమో అంతకుముందు శనివారం నుంచి సరిగ్గా లేవటం లేదు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన కష్టం. ఇంట్లో అందరూ అంటే ఇద్దరే, మైరె, ఆవిడ మొగుడు తైస్తో. తైస్తో ఒక్కడికే తెలిసిన కష్టం ఇంకోటుంది.

"ఏమయ్యా, ఇంకో చోట కాపీ పెట్టావా?" అని ఆవిడ అడిగినప్పుడల్లా "పెట్టాను, పెట్టాను" అన్నాడు. పెట్టలేదు. అందుకోసం కొన్న పెన్‌డ్రైవ్ మూడేళ్లుగా అతని చొక్కా జేబులోనే ఉంది. దాన్నిండా ఒకే ఒక్క చేప ఫోటోలు. పెద్ద చేపేలెండి, తప్పు పట్టలేం.

ఆ పుస్తకం ఆషామాషీది కాదు. మైరె వాళ్లమ్మ పుట్టిన ఊరు యుద్ధం తర్వాత సరిహద్దు అవతల ఉండిపోయింది. ఆ ఊరి గురించి అమ్మ రాసిన ఉత్తరాలన్నీ ఏరి, చుక్కల్లాంటి ఆ అక్షరాలను భూతద్దంతో చదివి, రెండొందల పన్నెండు పేజీలు చేసింది మైరె. వేసవిలో చుట్టాలంతా కలిసే రోజున ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పుస్తకం పెట్టాలని ఆశ.

పని దగ్గరపడిందని తైస్తో మురిసిపోయాడు. గడువుకి సరిగ్గా వారం ముందు శుక్రవారం మైరె పాటల బృందం సాధనకి వెళ్లగానే, చీకటి మూల ఉన్న ఆవిడ బల్లను సరస్సు కనిపించే కిటికీ కిందకి జరిపాడు. అక్కడ గోడకి పాత హీటరొకటి ఉండేది. ఇప్పుడు దాంతో పనిలేదు, దాన్ని పీకేశాడు. తెర, దీపం పాత ప్లగ్గుకి అందాయి గాని కంప్యూటరు పెట్టె వైరు అందలేదు. హీటరు పోయిన చోట గోడలో వైర్లు ఊరికే ఉన్నాయి కదా, వాటికే కొత్త ప్లగ్గొకటి బిగించాడు. లైసెన్సున్న వాడు తప్ప కరెంటు పని ఎవడూ చెయ్యకూడదని అక్కడ చట్టం. అందుకని దాని ముందు పూలకుండీ పెట్టాడు.

మైరె తిరిగొచ్చి సరస్సుని చూసింది, మొగుణ్ని చూసింది, ముద్దు పెట్టింది. ఆ సాయంత్రం పెట్టె బంగారంలా పనిచేసింది. చివరి వాక్యం టైపు చేసింది కూడా ఆ కిటికీ కిందే.

శనివారం సౌనా. ఆ ఊళ్లో శనివారం సౌనా కాచని కొంప ఉండదు. చెక్క గది, అందులో కరెంటు పొయ్యి, దానిమీద రాళ్లు, రాళ్లు ఎర్రగా కాగాక చెంబెడు నీళ్లు చల్లితే చుయ్యిమని ఆవిరి, ఆ ఆవిరిలోనే స్నానం. ఆ రోజు సౌనా గది వేడెక్కుతుండగా మైరె పుస్తకం ఓసారి తిరగేద్దామని బటన్ నొక్కింది. పెట్టెలో చలనం లేదు. కాసేపాగి నొక్కితే ఫ్యాను గుర్రుమంది, తెర మీద బొమ్మ వచ్చింది, ఠపీమని ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే.

"ఏమయ్యా, ఇదేంటి?"

"అలిసిపోయి ఉంటుందే. నువ్వు ముట్టుకోకు," అన్నాడు తైస్తో. చెయ్యి మాత్రం చొక్కా జేబు మీదికి పోయింది పాపం.

ఆదివారం రౌనోని పిలిచారు. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి, వీధిలో ఎవరి కంప్యూటరు మూలిగినా ఆయనే డాక్టరు. వచ్చాడు, కూర్చున్నాడు, రెండు కప్పుల కాఫీ, రెండు ఏలకుల బన్నులు అయ్యేదాకా పెట్టె వంక చూడలేదు. సాయానికి వచ్చిన మనిషికి సౌనా కాచకుండా పని చెప్పటం ఆ ఊళ్లో మర్యాద కాదు. తైస్తో ముందే కాచి ఉంచాడు. మగాళ్లిద్దరూ స్నానం చేసొచ్చారు. పొయ్యి అలాగే ఉంచి, తర్వాత వంతు ఆడవాళ్లదని మైరె వెళ్లింది. అప్పుడు రౌనో తడి జుట్టుతో పెట్టె ముందు కూర్చున్నాడు.

పెట్టె లేచింది, ఆరిపోయింది. రౌనో పక్కన ఓ చరుపు చరిచి మళ్లీ బటన్ నొక్కాడు. లేచింది.

"చూశావురా? హస్తవాసి కావాలి."

ఆరిపోయింది.

"నోరు మూసుకుని ఉండలేవా రౌనో," అన్నాడు తైస్తో.

"తెర వెలుగుతోంది, దీపం వెలుగుతోంది. కరెంటు బ్రహ్మాండం. జబ్బు పెట్టెలోనే ఉంది. ఒరేయ్, ఇలా ఆరిపోయిన ప్రతిసారీ లోపల డిస్కుకి గీత పడుతుంది. నేను చెప్పేదాకా వేలు పెట్టొద్దు. ఇంతకీ కాపీ ఉందిగా?"

"ఎందుకు లేదూ!" అన్నాడు తైస్తో. రౌనో చెవిన పడిన మాట కాఫీ చల్లారేలోగా ఊరంతా తిరుగుతుంది మరి.

సోమవారం రౌనో పెట్టెని బిడ్డలా దుప్పట్లో చుట్టి తన ఇంటికి పట్టుకెళ్లాడు. మంగళవారం ఫోను చేశాడు.

"ఇక్కడ గుర్రంలా పరిగెడుతోందిరా! పొద్దుట్నుంచి ఆపలేదు. దుమ్ము దులిపానంతే. మీ ఇంటి దుమ్ముతో ఓ దిండు కుట్టొచ్చు."

తైస్తోకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రానీ, రాగానే కాపీ చేసేస్తాను, చేప ఫోటోలన్నీ చెరిపేస్తాను అని ఒట్టు పెట్టుకున్నాడు. బుధవారం రౌనో పెట్టె తెచ్చాడు. అంత ఉపకారం చేసిన వాడికి సౌనా కాచకుండా ఎలా? కాచాడు. స్నానమయ్యాక బటన్ నొక్కారు. లేచింది, ఆరిపోయింది.

రౌనో మొహం ఉడికించిన బీట్‌రూట్ అయింది. సౌనా వేడి కొంత, అవమానం కొంత.

"మా ఇంట్లో బాగుండి మీ ఇంట్లో చస్తోందంటే, జబ్బు పెట్టెది కాదురా, మీ ఇంటిది," అన్నాడు. ఆ మాటలో ఎంత నిజముందో అన్నవాడికీ తెలీదు, విన్నవాడికీ తెలీదు.

గురువారం మైరె చెల్లెలు తెల్లెర్వో వచ్చింది. బడిలో లెక్కల టీచరుగా చేసి మానేసింది. కంటి ఆపరేషనయి వారమైంది, ఒక కంటికి మూత.

"సౌనా కాచనా?" అని గుమ్మంలోనే అడిగాడు తైస్తో.

"వద్దు బావా. రెండు వారాలు సౌనా ముఖం చూడొద్దన్నాడు డాక్టరు. కాఫీ చాలు. ఏదీ ఆ దయ్యాల పెట్టె?"

వెళ్లి బటన్ నొక్కింది. ఫ్యాను గుర్రుమంది. బొమ్మ వచ్చింది. ఆరిపోలేదు. అక్షరాలు వచ్చాయి, మైరె పుస్తకం తెరుచుకుంది. మైరె కుర్చీలాక్కుని కూర్చుని వాళ్లమ్మ ఊరి గుడిగంట గురించి రాసిన పేజీ చదువుతూ కళ్లు ఒత్తుకుంది.

"ఒంటి కన్నుతోనే బాగు చేశానంటే, రెండు కళ్లుంటే మీ ఇద్దరి కాపురం కూడా బాగు చేసేదాన్ని," అని తెల్లెర్వో కంట్లో మందు వేయించుకుని, రెండు కళ్లూ మూసుకుని సోఫాలో పడుకుంది.

తైస్తో చెయ్యి జేబులో పెన్‌డ్రైవ్ మీద ఉంది. మైరె లేస్తే తప్ప అది బయటికి తీయటానికి లేదు. ఆవిడ లేవదు. గుడిగంట అయిపోయింది, ఆవుల మంద మొదలైంది. ఆవుల మంద కూడా అయిపోయాక, కాఫీ పెడదామని లేచింది. తైస్తో ఒక్క అంగలో కుర్చీ దగ్గరికి చేరాడు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడు. రౌనో, చేతిలో స్క్రూడ్రైవర్ల పెట్టె.

"రాత్రంతా ఆలోచించాను. విప్పి చూస్తేగాని లాభం లేదు."

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. ఇంటికొచ్చిన మనిషిని చూడగానే తైస్తో కాళ్లు వాటంతటవే స్నానాల గది వైపు నడిచాయి, చెయ్యి దానంతటదే సౌనా మీట తిప్పింది. తిరిగొచ్చేసరికి పెట్టె చచ్చి ఉంది.

"నువ్వేమైనా చేశావా?" అంది మైరె.

"నేనా? నేను సౌనా వెయ్యటానికి..."

"సర్లే, పద, ముందు ఒళ్లు కాచుకుని వస్తాను," అన్నాడు రౌనో. "చలి పట్టిన బుర్రతో విప్పే పని కాదిది."

అరగంటకి సౌనా కాగింది. రౌనో లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. తెల్లెర్వో సోఫాలో అలాగే కళ్లు మూసుకుని ఉంది. కళ్లు పనిచేయనప్పుడు చెవులు రెండింతలు పనిచేస్తాయి. నడవలో మీటరు అల్మారాలోంచి 'టక్' మంది. అదేపనిగా బటన్ నొక్కుతున్న మైరె చేతి కింద వెంటనే పెట్టె ఫ్యాను గుర్రుమంది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

"అక్కా, ఏమంటోంది?"

మైరె చదివింది. "డిస్కు దెబ్బతిన్నది, సరిచేస్తున్నాం, పూర్తయ్యేదాకా కరెంటు ఆపవద్దు అంటోంది. వందకి నాలుగు వంతులు అయిందట."

"బావా," అంది తెల్లెర్వో కళ్లు తెరవకుండానే, "ఆ కంప్యూటరు ఏ ప్లగ్గులో ఉంది?"

తైస్తో పూలకుండీ వంక చూశాడు.

"అక్కడ... హీటరు ఉండేది."

"పాత ఇళ్లల్లో సౌనా పొయ్యి, హీటర్లు రెండూ ఒక్కసారి వెలిగితే ఫ్యూజు తట్టుకోదు. అందుకని పొయ్యి వెలిగినప్పుడల్లా హీటర్లు ఆగిపోయేలా కట్టారు. సౌనాదే పెద్దరికం. ఆ టక్కు అదే. రాళ్లు కాగితే పొయ్యి ఆగుతుంది, నీ పెట్టె లేస్తుంది. రాళ్లు చల్లబడితే పొయ్యి వెలుగుతుంది, పెట్టె చస్తుంది. రౌనో వచ్చినప్పుడల్లా ఎందుకు చచ్చిందో అర్థమైందా? మర్యాద ఎక్కువై చచ్చింది."

"అయితే ఇంకో ప్లగ్గులో పెడదాం," అని మైరె వంగింది.

"పీకొద్దు!" మిగతా ఇద్దరూ ఒకేసారి అరిచారు. తెర మీద వందకి తొమ్మిది.

సౌనాలోంచి చెంబు మోత వినిపించింది. రౌనో నీళ్లు చల్లబోతున్నాడు. నీళ్లు చల్లితే రాళ్లు చల్లబడతాయి. రాళ్లు చల్లబడితే టక్.

తైస్తో నడవలో పరిగెత్తాడు. "రౌనో! నీళ్లు చల్లకు!"

లోపల చెంబు మోత ఆగింది. "ఏమన్నావురా?"

"చెంబు కింద పెట్టు!"

"మా తాత కూడా నాతో ఆ మాట అనలేదురా!"

తైస్తో మీట దగ్గర నిలబడ్డాడు. మీట తిప్పేస్తే పొయ్యి ఇక వెలగదు, టక్కూ ఉండదు. కానీ స్నానంలో ఉన్న అతిథి మీద పొయ్యి ఆపటమంటే తింటున్న వాడి కంచం లాక్కోవటమే.

మైరె వెనకే వచ్చింది. "ఏమయ్యా నీకేమైనా పిచ్చా? పోతే పోనీ ఆ పెట్టె. కాపీ ఉంది కదా! రౌనో అన్నయ్యని స్నానం చెయ్యనీ."

ఇక దారి లేదు. తైస్తో మీట తిప్పేసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని అన్నాడు, "కాపీ లేదే."

"ఏంటి?"

"పెట్టలేదు. ఎప్పుడూ పెట్టలేదు. ఉన్నది అదొక్కటే."

మైరె సౌనా తలుపు వైపు తిరిగి గొంతు పెంచింది.

"రౌనో అన్నయ్యా, పొయ్యి ఆపేశాం. క్షమించు. మా అమ్మ ఊరు మొత్తం ఆ డిస్కులో ఉంది."

లోపల్నుంచి జవాబొచ్చింది. "ఎంతసేపు?"

"వందకి పదకొండు అయింది."

"కూర్చుంటాలే. కానీ బయటికి రాను. సగం స్నానంలో వచ్చాడని ఎవడితోనూ అనిపించుకోను."

రౌనో అన్నంత పనీ చేశాడు. గంటా పావు కూర్చున్నాడు. మైరె తలుపు సందులోంచి ముందు కాఫీ ఇచ్చింది, తర్వాత ఉన్ని టోపీ ఇచ్చింది, చివరికి దుప్పటి ఇచ్చింది. వందకి అరవై దగ్గర కాసేపు కదల్లేదు. ఆ కాసేపట్లో తైస్తో దేవుడికి మొక్కుకోవలసినవన్నీ మొక్కుకున్నాడు, మొక్కుకోకూడనివి కూడా మొక్కుకున్నాడు. వంద అయింది. పుస్తకం తెరుచుకుంది, గుడిగంట గుడిగంట చోటే ఉంది, ఆవులు ఆవుల చోటే ఉన్నాయి.

మైరె చెయ్యి చాచింది. తైస్తో జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. ఆవిడ తెరిచి చూసింది. చేప. చేప. పక్కనుంచి చేప.

"అరవై ఒకటి బావా," అంది తెల్లెర్వో ఒంటి కన్నుతో లెక్కపెట్టి. "పాపం, దాని బంధువులెవరూ రాలేదా ఫోటోలకి?"

మైరె చేపలన్నీ చెరిపేసింది. కాపీ తనే చేసింది. ఒకటి కాదు, మూడు చోట్ల. అదే సాయంత్రం ప్రెస్సుకి పంపేసింది. తర్వాత ప్లగ్గు పీకి, మీట తిప్పి, "అన్నయ్యా, ఇప్పుడు ఎన్ని చెంబులు కావాలంటే అన్ని చల్లుకో," అంది. నడవలో టక్ మంది. ఈసారి ఎవరికీ గుండె ఆగలేదు.

మర్నాడు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పూలకుండీ జరిపి చూసి, టోపీ తీసి తల గోక్కున్నాడు. తైస్తో అలవాటు కొద్దీ, "సౌనా కాచమంటారా?" అని అడిగాడు.

వేసవిలో పుస్తకాలు వచ్చాయి. మొదటి పేజీ తిరగేస్తే కృతజ్ఞతలు. ఉత్తరాలు దాచిన అత్తకి, ఫోటోలిచ్చిన బాబాయికి. వాటి కింద ఇలా ఉంది: 'ఈ పుస్తకం కోసం చల్లారిన సౌనాలో గంటా పావు కూర్చున్న రౌనోకి.' తన పేరు కోసం తైస్తో ఆ పేజీ రెండుసార్లు వెతికాడు. అడుగున, చిన్నక్షరాల్లో దొరికింది.

'సరస్సు చూపించినందుకు తైస్తోకి. కాపీలు వేరే వాళ్ల దగ్గర ఉన్నాయి.'