ముగ్గురికీ సరిపడే నీళ్లు

పొద్దున ఆరింటికల్లా రిపోర్టాయన పళ్లు కూడా తోముకోకుండా హాల్లో గాజుతొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. చిన్న సీసాలోకి అయిదు మిల్లీలీటర్ల నీళ్లు తీసి, అందులో మందు ఒక్కో చుక్కా వేస్తూ, సీసాను ఊపుతూ, నీలం రంగు ఎప్పుడు పసుప్పచ్చగా మారుతుందా అని కళ్లార్పకుండా చూసేవాడు. ఎన్ని చుక్కలకు మారితే నీళ్లలో క్షారం అంతన్నమాట. "ఆరు... ఏడు..." అని ఆయన పైకే లెక్కపెడుతుంటే వంటింట్లోంచి భార్య "పదమూడు! ఇరవై రెండు! నలభై!" అని అరిచేది. లెక్క తప్పేది. ఆయన విసుక్కుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. కూతురు షూ లేసులు కట్టుకుంటూ ఇద్దర్నీ చూసి నవ్వేది.

ఆయన పని రక్తపరీక్షల ల్యాబులో. ఎవరి ఒంట్లో ఏముందో వాళ్లకంటే ముందు ఆయనకే తెలిసేది కాబట్టి వీధి వీధంతా రిపోర్టాయన అనేవాళ్లు. ఇరవై రెండేళ్లలో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదని ఆయనకు గర్వం. గర్వం పాలు కాస్త ఎక్కువే గానీ, మాట మాత్రం నిజం. అప్పటికి నిజం.

భార్య బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో అద్దాల గదిలో కూర్చుని మైకులో చెప్పేది. ఆ గొంతు వినబడితే బెంచీ మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి సంచీ వెతుక్కునేవాళ్లు. ఇంట్లో మైకు లేదు, ఆమెకు దాని అవసరమూ లేదు. కూతురికి పదిహేనేళ్లు. నాలుగువందల మీటర్ల పరుగు పందెం దాని ప్రాణం.

తొట్టి కొన్న రోజున ఆ షాపు నడిపే ఉప్పునీళ్లక్క, చెప్పుల షాపులో సైజు అడిగినట్టు అడిగింది.

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

"అయితే మూడు పగడాలు."

పగడాలు ఇంటికి తెచ్చుకుంటే ఒక్కొక్కటీ ఒక్కో మనిషిది అయిపోతుంది. మనిషి ఎలా ఉంటే అది అలా ఉంటుంది, అది ఎలా ఉంటే మనిషీ అలా ఉంటాడు. అందరికీ తెలిసిన సంగతే కాబట్టి అక్క దాని గురించి ఏమీ చెప్పలేదు. ముగ్గుర్నీ తొట్టెల వరస పక్కన నడవమంది. భార్య వెళ్తుంటే మెత్తటి తోలు పగడం ఒకటి గొడుగులా విచ్చుకుని వేళ్లన్నీ ఊపింది. కూతురి కోసం నీలం మొనల కొమ్మ పగడం నిగనిగలాడింది. రిపోర్టాయన రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక, ఇసుకలో కూలబడ్డ ఒక గుండ్రటి మెదడు పగడం అయిష్టంగా కాస్త ఉబ్బింది.

"అచ్చం మీరే!" అని భార్య పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇది మొండి ఘటం. ఏ నీళ్లలోనైనా బతికేస్తుంది," అని అక్క సంచీలో కట్టింది. "చిక్కంతా మిగతా రెండిటితోనే. రాసుకో తమ్ముడూ. ఉప్పు లీటరుకి ముప్ఫై అయిదు గ్రాములు. వేడి ఇరవై అయిదు, మహా అయితే ఇరవై ఆరు. క్షారం ఎనిమిదిన్నర. కాల్షియం నాలుగువందల ఇరవై, మెగ్నీషియం పదమూడు వందలు. నైట్రేట్ అయిదు."

ఆయన పెన్ను ఆగింది. "నైట్రేట్ అంటే మలినమే కదక్కా. సున్నా ఉంటే మంచిది కదా?"

"సున్నా మాత్రం వద్దు. ఆ మెత్తటిది తినేదే దాన్ని."

"మా ల్యాబులో అయితే మలినం ఎంత తక్కువుంటే అంత మంచిది."

"అది రక్తం తమ్ముడూ. ఇది ఇల్లు." అక్క చేతులు తుడుచుకుంది. "కొమ్మదానికి ఇంకాస్త శుభ్రం కావాలనిపిస్తుంది, మెత్తదానికి ఇంకాస్త మురికి కావాలనిపిస్తుంది. ఎవరికీ పూర్తిగా నచ్చని నీళ్లే ముగ్గురికీ సరిపడతాయి. అంకె కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు గానీ, రోజుకో రకంగా మార్చకు."

నాలుగు నెలలు అలాగే ఉంచాడు. ఆ నాలుగు నెలలూ ఇల్లు ఎంత బాగుండేదో ఆయనకు అప్పుడు తెలియలేదు. భార్య వాగుతూ ఉండేది, కూతురు ఉన్నంతలో బాగానే పరిగెత్తేది, మెదడు పగడం ఇసుకలో కూర్చునేది.

ఒక ఆదివారం తొట్టి కడిగే ఉత్సాహంలో చేతికి అందిందల్లా కడిగేశాడు. నైట్రేట్ రెండుకు దిగింది. కొమ్మ పగడం మొనలు దీపాలు పెట్టినట్టు వెలిగాయి. మంగళవారం నాడు కూతురు మైదానం నుంచి రొప్పుతూ వచ్చి, "నాన్నా, ఒక సెకను తగ్గింది!" అంది.

ఒక సెకను! ఏడాదంతా కోచ్ చేతులెత్తేసిన సెకను అది. ఆయన గాల్లో తేలిపోయాడు. ఎవరితోనూ అనకుండా షాపుకెళ్లి మురికి పీల్చే పొడి సంచీ ఒకటి తెచ్చి తొట్టి వెనకాల దాచాడు. నురుగు తీసే గొట్టం పెద్దది బిగించాడు. తొట్టిలో ఉన్న ఒక్క చేపకు వేసే మేత సగం చేశాడు. రెండు కాస్తా ఒకటయింది, ఒకటి కాస్తా సున్నా అయింది. కూతురి పరుగులో ఇంకో సెకనున్నర తగ్గింది. మూడు జిల్లాల జట్టుకు ఎంపిక పోటీలున్నాయి, తప్పకుండా నెగ్గుతుందన్నాడు కోచ్.

తోలు పగడం ముడుచుకుంది. రిపోర్టాయన చూడకపోలేదు, చూశాడు. ఆ రకం పగడం అప్పుడప్పుడూ పొర విడుస్తుందనీ, అప్పుడు నాలుగైదు రోజులు ముడుచుకునే ఉంటుందనీ చదివాడు కాబట్టి, పొర విడుస్తోంది అనుకున్నాడు. వారమైంది. పెద్ద పొర కాబోలు అనుకున్నాడు. మనిషి తనను తాను మోసం చేసుకోవాలనుకుంటే చదువు ఎంత సాయం చేస్తుందో!

ఒక పొద్దున ఆయన చుక్కలు లెక్కపెట్టడం ఒక్కసారికే పూర్తయిపోయింది. వంటింట్లోంచి అరుపు లేదు. తొంగి చూస్తే భార్య గిన్నె తోముతూ నోరు కదుపుతోంది. "నలభై" అంటోందని పెదాల్ని బట్టి తెలిసింది. ఆయన తిరిగొచ్చి, ఎనిమిది అని రాసుకున్నాడు.

బస్టాండులో మైకు శబ్దం పెంచారు. మరో నెలకు ఇంకా పెంచారు. అయినా జనానికి బస్సులు తప్పిపోతున్నాయి. ఇక లాభం లేదని పైఅధికారి ఆమెను సెలవు పెట్టి గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాడు. డాక్టరు టార్చి వేసి గొంతులోకి చూసి, ఆపేసి, రిపోర్టాయన వైపు తిరిగాడు.

"మీ తొట్టిలో నైట్రేట్ ఎంతుంది?"

భార్య కూడా తిరిగి చూసింది. ఆవిడ చూపులో అనుమానం లేదు, ఆయన చెప్పే అంకె కోసం ఎదురుచూపే ఉంది. ఆ పొద్దున రెండుసార్లు పరీక్ష చేశాడు, రెండుసార్లూ సున్నా. ఎంపిక పోటీలకు ఇంకా పదకొండు రోజులున్నాయి.

"అయిదు," అన్నాడు.

"అయితే నీళ్ల వల్ల కాదు," అని డాక్టరు ఏవో మాత్రలు రాశాడు.

పదకొండు రోజులేగా, ఆ తర్వాత అన్నీ సరిచేస్తాను అని దారి పొడుగునా తనకు తానే చెప్పుకుంటూ నడిచాడు. భార్య మాత్రల పొట్లం జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంది.

పోటీల రోజు మైదానంలో భార్య అలవాటు ప్రకారం ఆఖరి మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడింది. కూతురు ఎక్కడ పరిగెత్తినా ఆమె అక్కడే నిలబడి పేరు పెట్టి అరిచేది. ఆ అరుపు విన్నాకే కూతురు ఆఖరి వంద మీటర్లకీ ఊపిరి బిగించేది. ఆ రోజు అందరికంటే ముందు మలుపు తిరిగింది. తల్లి కంచె మీదికి వంగి, మెడ నరాలు తేలేలా, నోరంతా తెరిచి అరిచింది. పక్కనున్న రిపోర్టాయనకు కూడా ఏమీ వినబడలేదు. కూతురు పరిగెడుతూనే తల తిప్పి కంచె వైపు వెతికింది. నెగ్గింది గానీ, గీత దాటి వచ్చి మెడల్ కంటే ముందు అడిగిన మాట, "అమ్మ రాలేదా?"

"ఇక్కడే ఉంది కదమ్మా," అన్నాడాయన.

"మరి అరవలేదేం?"

తల్లి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. పందెం నెగ్గిన పిల్ల తండ్రిగా నలుగురూ వచ్చి చేతులు కలుపుతుంటే, రిపోర్టాయనకు తన చేతుల్నే నరుక్కోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి తోలు పగడం రాయిని వదిలేసి ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. తిండి లేని చోట ఆ రకం పగడం చేసేది అదే. పట్టు వదిలేసి నీళ్లు ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. ఆయన చొక్కా చేతులు మడిచి తొట్టి వెనకనుంచి పొడి సంచీ పీకి పారేశాడు. "ఇవాళే సరిచేస్తాను. ఇప్పుడే. చూస్తూ ఉండు, సాయంత్రానికల్లా..."

భార్య ఆ సంచీని చూసింది. తర్వాత వంటింట్లోంచి మూతున్న స్టీలు డబ్బా తెచ్చి, తొట్టి నీళ్లతో నింపి, చెయ్యి ముంచి తన పగడాన్ని పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి అందులో పెట్టుకుంది. ఆయన దగ్గరికొచ్చి ఏదో అంది. చెవి ఆమె నోటి దగ్గర పెడితే గానీ వినబడలేదు.

"అయిదన్నారు కదండీ."

అంతే. డబ్బా పట్టుకుని మెట్లు దిగింది.

ఉప్పునీళ్లక్క ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. షాపు వెనక ఆమె సొంత తొట్టి ఉంది, గాజంతా పాచి, ఏళ్ల తరబడి ఎవరూ తోమనిది. పగడాన్ని అందులో పెట్టి, షాపు పైగది తాళం తీసి ఆమెకిచ్చింది. పదో రోజున పగడం వేళ్లు విప్పింది. నెలకు బస్టాండు మైకు శబ్దం ఎప్పటిలా తగ్గించేశారు.

కూతురు రెండు వారాలు తండ్రితో మాట్లాడలేదు. తర్వాత ఒక సాయంత్రం కటింగ్ ప్లయర్ తెచ్చి చేతికిచ్చింది.

"కొమ్మ పగడాన్ని విరిస్తే రెండు ముక్కలూ బతుకుతాయట, అక్క చెప్పింది. సగం అమ్మ దగ్గర పెడతాను. మూడు రోజులక్కడ, నాలుగు రోజులిక్కడ."

"నొప్పి పుడుతుందేమోనమ్మా."

"పుడుతుంది. పుట్టనీ."

ఆయన ప్లయర్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆ పిల్లే లాక్కుని విరుచుకుంది. ఆ తర్వాత పరుగులో రెండు సెకన్లు పెరిగాయి. మూడు జిల్లాల పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. తల్లి అరుపు అవతలి గేటు దాకా వినబడింది, పిల్ల నవ్వుతూ గీత దాటింది. రిపోర్టాయన అది కంచెకు ఈ చివర నిలబడి చూశాడు.

ఇక అప్పుడు నీళ్లు సరిచెయ్యడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. మేత చిటికెడు పెంచి వారం ఆగాడు, మరో చిటికెడు పెంచి మరో వారం ఆగాడు. క్షారం ఎనిమిదిన్నర దగ్గర నిలబెట్టాడు. మూడు నెలలకు నైట్రేట్ సీసాలో లేత గులాబీ రంగు తేలింది. అయిదు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. అయిదే. ల్యాబులో రోగులకిచ్చే కాగితం మీద అన్ని అంకెలూ వరసగా రాసి, కింద సంతకం పెట్టి, బస్టాండుకి వెళ్లాడు.

అద్దాల గదికి అరచెయ్యి పట్టేంత కిటికీ ఉంది. కాగితం అందులోంచి లోపలికి తోశాడు. భార్య కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"బాగున్నాయండీ. అక్క మొదట చెప్పినవే ఇవి."

"అవే. రెండుసార్లు చూశాను."

"చూసే ఉంటారు." ఆమె నమ్మింది. ఆ నమ్మకం చూస్తుంటే తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"మరి... వచ్చెయ్యకూడదూ?"

ఆమె కాగితాన్ని మడిచింది, మళ్లీ విప్పింది. "నిన్న నేనే పగడాన్ని చెయ్యిపెట్టి కదిపి చూశానండీ. రాలేదు. అక్కడి రాయిని పట్టేసుకుంది. గట్టిగా లాగితే చిరిగిపోతుంది."

"రాయితో సహా తెచ్చుకుందాం. అక్కనడుగుతాను."

"ఆ తొట్టికి అడుగు రాయి అదే. మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి."

"ఒక్క ముక్క కోసుకుని..."

"ఒకసారి కడుపు మాడినదానికి కత్తి తగలకూడదంది అక్క." ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేనూ ఇవన్నీ అడిగానండీ. మీకంటే ముందే అడిగాను."

ఆయన తప్పయిందని చెప్పడానికే అంత దూరం వచ్చాడు, ఆ ఒక్క మాటా చెప్పనేలేదు. వెనక ఎవరో పెద్దాయన ఏదో బస్సు గురించి అడగడానికి నిలబడి దగ్గుతున్నాడు. రిపోర్టాయన పక్కకు తప్పుకున్నాడు.

ఆయన ఇంటి వైపు వెళ్లే బస్సు రెండో ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. మైకు పక్కన ఎర్రదీపం వెలిగింది. ఆమె గొంతు కప్పు కిందంతా నిండుగా పరుచుకుంది, ఎక్కడా జీర లేదు. ఏ బస్సు పేరైనా రెండుసార్లే చెప్పాలని అక్కడి రూలు. రెండుసార్లు చెప్పింది. ఆయన స్పీకరు కింద నిలబడే ఉన్నాడు. కొంచెం ఆగి ఆమె మూడోసారి కూడా చెప్పింది, ఈసారి మెల్లగా. ఆయన వెళ్లి ఎక్కి కూర్చున్నాడు.