పాము పిల్లకి ఇల్లునయ్యాను

నేను ఒక గాజుతొట్టెని. అక్వేరియం అంటే మీకు తొందరగా తెలుస్తుందేమో. ఐదు అద్దపు పలకలు, వాటిని అతికించిన నల్లటి జిగురు, పైన ఇనప జాలీ మూత. ఇదీ నా ఒళ్లు. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఇరుకు దుకాణంలో పుట్టాను. నన్ను అతికించిన మేస్త్రి పని పూర్తయ్యాక ఒక కన్ను మూసుకుని నాలోంచి వీధిని చూసి, "మధ్యలో అద్దం ఉందో లేదో తెలీకూడదు. అదీ పనంటే!" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. లోపలున్నది బయటివాళ్లకి ఉన్నదున్నట్టు చూపించడానికే పుట్టాననుకున్నాను.

మొదట ఒక పళ్ల డాక్టరు దగ్గర కొలువు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు భయం మరిచిపోవడానికి నాలోని బంగారు చేపల్ని చూస్తూ కూర్చునేవారు. డాక్టరు గారు కొత్త క్లినిక్కి మారి అక్కడ పెద్ద టీవీ పెట్టించుకున్నాక నా అవసరం తీరింది. అలా పటమటలో మూడో అంతస్తు ఫ్లాటుకి, మందుల కంపెనీలో పనిచేసే దినకర్ చేతికి వచ్చాను. మళ్లీ చేపలే కాబోలనుకుని సంబరపడ్డాను.

ఆయన గుడ్డసంచీ మూతి విప్పి నాలోకి దింపింది పాము పిల్లని. రెండు జానల పొడవు, బొటనవేలంత లావు. బాల్ పైథాన్ అనే విదేశీ జాతి. మన పాముల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం నేరం కాబట్టి, కాగితాలన్నీ సరిచూసుకుని హైదరాబాదులో పెంచేవాళ్ల దగ్గర కొన్నాడట. విషం లేదు. పేరు పండు.

"వారం దాకా ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా పక్క నుంచే ఎత్తాలి. ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. రెండు చోట్లా ఒళ్లు ఆనేంత ఇరుకు గూడు పెట్టాలి. వారానికోసారి తిండి, తిన్నాక రెండు రోజులు కదపకూడదు" అని అమ్మినవాళ్లు చెప్పిందంతా భార్య సౌజన్యకి పాఠంలా అప్పజెప్పాడు. ఒక్క ముక్క తప్పలేదు. చేసేటప్పుడు మాత్రం ఒక్కటీ ఒప్పు లేదు.

ఒక పక్క అడుగున వేడి పట్టీ, దాన్ని అదుపులో పెట్టే మీట, కొబ్బరి పొట్టు పరుపు, నీళ్ల గిన్నె అమర్చాడు. అంతవరకు మెచ్చుకోవాలి. కానీ గూడుకని, చూపుకి బాగుందని ఒకే ఒక్క ప్లాస్టిక్ గుహ తెచ్చాడు. దాని నోట్లో పిల్లి సంసారం చెయ్యొచ్చు. నన్ను తీసుకెళ్లి హాల్లో టీవీ పక్కన, ట్యూబులైటు కింద పెట్టాడు. రోజూ నన్ను తుడిచేవాడు. నేను తళతళా మెరుస్తుంటే, మధ్యలో పండు దాక్కునే చోటు లేక మూలమూలకీ ముక్కు రాసుకుంటూ తిరిగేవాడు.

మర్నాడే స్నేహితులొచ్చారు. దినకర్ చెయ్యి పైనుంచి దిగింది. పిల్లపాముకి పైనుంచి వచ్చేదంతా గద్దే. పక్క నుంచి నెమ్మదిగా చెయ్యి పోనిచ్చి, ఒళ్లంతటికీ ఆనుడిచ్చి ఎత్తాలని తనే చెప్పాడు కదా! పండు తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుపోయాడు. "చూశారా, అందుకే బాల్!" అంటూ చప్పట్లు. భయంతో ముడుచుకున్నదాన్ని చూసి మురిసిపోవడం ఈ మనుషులకే చెల్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. చెబుదామంటే నాకున్న నోరు పైన ఒక్కటే, దానికీ జాలీ మూత వేశారు.

తిండి సంగతి ఇంకా ఘోరం. గడ్డకట్టించిన ఎలక పిల్లల్ని స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాడు. సౌజన్య కొబ్బరి కోరనుకుని మూత తీసింది.

"ఏవండీ! ఇది వంటిల్లా, శ్మశానమా?"

"శుభ్రంగానే ఉందిగా, కవర్లో కట్టాను."

"ఆ డబ్బా మా అమ్మ పెట్టింది!"

ఆదివారం నాడు ఎలకని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, పొడుగాటి పటకారుతో పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో వీడియో తీస్తూ, దీపాలన్నీ వేసి పండు మూతి దగ్గర ఆడించాడు. పండు తల తిప్పేసుకున్నాడు. నలుగురి మధ్య కూర్చోబెట్టి మొహాన లైటు కొడితే మీకు ముద్ద దిగుతుందా? వారం ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఈయన మర్నాడే పెట్టాడు, ఆ మర్నాడూ పెట్టాడు, తినలేదని చేతిలోకి తీసుకుని బుజ్జగించాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అలా వారాలు గడిచాయి. పాము పొడే గిట్టని సౌజన్యే మొదట కనిపెట్టింది. "ఏవండీ, వీడి వెన్ను తేలిపోతోంది. చచ్చిపోతాడేమో" అంది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, ఈ ఆదివారం కూడా తినకపోతే వెనక్కి తీసుకొచ్చెయ్యమన్నారు. అప్పటికైనా బతుకుతాడని మాట ఇవ్వలేమన్నారు. చేపలు చచ్చిపోవడం చూశాను నేను. ఈ పిల్లాడు కూడా నాలోనే, నా కళ్లెదుటే పోతాడా అని దిగులు పట్టుకుంది.

ఆ వారంలోనే నాగుల చవితికి తెనాలి నుంచి దినకర్ తల్లి తులశమ్మ వచ్చింది. "ఊరంతా పుట్టలు వెతుక్కుంటుంటే స్వామి నా కొడుకు ఇంట్లో వెలిశాడు!" అని చెంపలేసుకుంది. పొద్దున్నే తలంటుకుని, నా మూత తీసి, గ్లాసెడు పాలు దబదబా పోసింది. వెనకాలే చలిమిడి, నువ్వుల చిమ్మిలి. కొబ్బరి పొట్టంతా తడిసి ముద్దయింది. మధ్యాహ్నానికి చీమలు, పులిసిన కంపు.

"అమ్మా, పాములు పాలు తాగవే!"

"నువ్వు పెట్టిన ఎలకనీ తిన్లేదుగా! నీదేం గొప్పరా?"

దినకర్ గొణుక్కుంటూ పండుని గుడ్డసంచీలోకి మార్చాడు.

సౌజన్య ముక్కుకి కొంగు కట్టుకుని నన్ను కడిగి కొత్త పొట్టు పోసింది. పాలు పట్టిన గుహని ఎండలో పెట్టి, అందాకా అని పూజకి తెచ్చిన మట్టి మూకుళ్లలో అంచు విరిగినవి రెండు ఏరి, ఈ చివరొకటీ ఆ చివరొకటీ బోర్లించింది. ఇక తులశమ్మకి భయం పట్టుకుంది. "పాలు ముట్టలేదంటే అపచారమే. ఆ కళ్లు నన్నే చూస్తున్నాయి, నాకు అన్నం దిగడం లేదు" అంటూ పాత బొంత తెచ్చి నా చుట్టూ కప్పేసింది. గాలికి జాలీ వైపు మాత్రం సౌజన్య వదిలించింది.

నాకు లోకం మూసుకుపోయింది. ఇన్నేళ్ల మెరుపు ఒక చిరుగుల బొంత కిందికి పోయింది. ఏడుపొక్కటే తక్కువ.

దినకర్ క్యాంపుకి బందరు వెళ్లాడు. మూడు రోజులు నాలోకి చెయ్యి దిగలేదు. ఆదివారం సాయంత్రం సౌజన్య గోరువెచ్చటి నీళ్ల గిన్నెతో వచ్చింది. బొంత కొద్దిగా ఎత్తి, ఎలకని పటకారుతో వెచ్చటి వైపు మూకుడు ముందు వదిలేసి, మూత పెట్టి, బొంత జారవిడిచి, వంటింట్లోకి పరుగెత్తింది. భయంతో చేసినా, ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో సరిగ్గా చేశారు.

లోపల మసక చీకటి. నాకేమీ ఆనలేదు. చాలాసేపు కదలిక లేదు. ఇంతలో నా అడుగు పలకకి ఠప్పున దెబ్బ తగిలింది. తర్వాత ఏదో బిగుసుకుంటున్న బరువు. ఇన్ని వారాలు నేను చూడాలని ఎదురుచూసింది నా కడుపులోనే జరుగుతోంది, నేను చూడలేకపోయాను.

గంటకి సౌజన్య తొంగిచూసింది. ఎలక లేదు. మూకుడు అంచున పండు తల, వెనక నడుం దగ్గర చిన్న ఉబ్బు. దినకర్‌కి ఫోన్ చేసి ఏడుస్తూ, నవ్వుతూ, "తినేశాడండీ!" అంది.

"వీడియో తీశావా?"

ఆవిడ ఠక్కున ఫోన్ పెట్టేసింది.

బొంత తీసేద్దామని దినకర్ రెండుసార్లు అడిగాడు. అత్తాకోడళ్లు ఒక్కటై కుదరదన్నారు. ఇప్పుడు పండు వారం వారం తింటున్నాడు, వెన్ను నిండింది. ఇంటికొచ్చినవాళ్లు నా మీద చేతిసంచీలు పెట్టబోతే, "అయ్యో, అక్కడ వద్దు" అని సౌజన్య కేకేస్తుంది. నన్నెవరూ తుడవరు, నాలోకెవరూ చూడరు. నాకు ఉక్రోషం తగ్గిందంటే అబద్ధం. అద్దం ఉందో లేదో తెలీకూడదన్నాడు మేస్త్రి. ఇప్పుడు నిజంగానే ఎవరికీ తెలీదు, నా పలకకి ఒళ్లు ఆనించి నిద్రపోయే పండుకి తప్ప.