ఎఫీ నేసిన కిల్ట్

రెండో విడత రొట్టెలు పొయ్యిలోంచి బయటికి వచ్చేసరికి వాటీ గిల్మర్ సగం వ్యాను నింపేశాడు. శనివారం కాబట్టి ట్రేలు రెట్టింపు. రేపు ఆదివారం, దేవుడి రోజు; దీవి మొత్తం మీద కొట్టు తెరిచేవాడు ఉండడు, బండి కదిపేవాడు ఉండడు, బంగాళదుంప తొక్క తీసే ఇల్లాలు కూడా ఉండదు. ఆ పనులన్నీ ఇవాళే కావాలి. రెండు రోజుల రొట్టె ఇవాళే ఇళ్ళకు చేరాలి.

ట్రే అంచును పొట్టకు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, ఒక్కసారి పక్కకు తిరిగి వ్యానులోకి జార్చడం అతని పద్ధతి. తిరిగినప్పుడల్లా నడుముకు చుట్టి మోకాళ్ళ దాకా కట్టుకున్న ఊలు కిల్ట్ వెనక కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకుని, మళ్ళీ ఒకదాని మీద ఒకటి సర్దుకునేవి. ఊపిరితిత్తుల ఆపరేషన్ తర్వాత ఎడమ భుజం కిందికి దిగిపోయింది. అందుకని మనిషి ఎప్పుడూ ఎవరి మాటో ఒక చెవితో వింటున్నట్టు కనిపిస్తాడు. ఎర్రజుట్టు సగం బూడిదరంగుకు వచ్చింది. మోకాళ్ళు గాలికీ వానకూ కాయలు కాసి, పొలంలోంచి అప్పుడే పీకిన దుంపల్లా ఉంటాయి. మోకాళ్ళ కింద ముతక ఊలు మేజోళ్ళు, బరువైన బూట్లు.

మెక్రిచీ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బేకరీ ఆయనదే. చర్చిలో సంఘపెద్ద కూడా. పిండి పనిలో ఉన్నా నల్ల వెయిస్ట్ కోటు విప్పడు, పైన తెల్ల ఏప్రన్ కట్టుకుంటాడు. ఒక చేయి గోడకు ఆనించి కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"వాటీ."

"చెప్పండి మెక్రిచీ గారూ."

"గురువారం నుంచి ప్రభు భోజనపు రోజులు. ముగ్గురు పాదిరీలు వస్తున్నారు. ఇద్దరు మా ఇంట్లోనే దిగుతారు."

"తెలుసండీ. మీ చెల్లెలు గారు బన్నులు ఎక్కువ చెయ్యాలన్నారు."

"బన్నుల సంగతి కాదు." ఆయన వ్యాను మీద నల్లరంగుతో రాసిన తన పేరు వంక చూశాడు, వాటీ వంక చూడలేదు. "సోమవారం ప్యాంటు వేసుకుని రా. లేదంటే బండి తాళాలు ఇచ్చేసి వెళ్ళు."

ఈ మాట కొత్తది కాదు, కానీ తాళాల ప్రస్తావన కొత్తది. పనిలో చేరిన మొదటి రోజు నుంచీ మెక్రిచీ ఆ కిల్ట్‌ని చూసి మొహం ముడుచుకుంటూనే ఉన్నాడు. ఆయన లెక్కలో అది హోటళ్ళలో బ్యాగ్‌పైపులు ఊదేవాళ్ళు వేసుకునేది. డాన్సు, విస్కీ, పోస్టుకార్డుల మీద బొమ్మలు — వీటి సరసన ఉండాల్సిన వేషం. ఈ దీవిలో మర్యాదస్తుడెవడూ మోకాళ్ళు బయటపెట్టుకుని పనికి వెళ్ళలేదు. ఆయన తండ్రీ వెళ్ళలేదు, తాతా వెళ్ళలేదు. "దేవుడికి మనిషి పిక్కలతో పనిలేదు వాటీ" అన్నాడొకసారి. "అయితే ఆయనకి అభ్యంతరం కూడా ఉండదు కదండీ" అన్నాడు వాటీ. మెక్రిచీ గబుక్కున పొయ్యి వైపు తిరిగిపోయాడు. వెనక నుంచి చూస్తే భుజాలు నవ్వుకి కదిలినట్టే అనిపించింది. ఇన్నేళ్ళూ అలాగే గడిచిపోయింది.

ఇవాళ వాటీ చివరి ట్రే ఎక్కించి తలుపు వేశాడు.

పడమటి ఊళ్ళ దారిలో గాలి వ్యానును పక్కకు నెడుతోంది. ఇళ్ళ మీద, పొయ్యిల్లో కాల్చే పీట్ మట్టి పొగ లేచినట్టే లేచి నేలకు కొట్టుకుపోతోంది. హారన్ వినగానే ఆడవాళ్ళు తువ్వాళ్ళు కప్పిన బేసిన్లతో రోడ్డు మీదికి వచ్చారు. ఎప్పటిలాగే అందరికంటే ముందు బెల్లాగ్. డెబ్బై దాటినా నోటికి ఇంకా నలభయ్యే.

"గాలి పడమటిది వాటీ. నిచ్చెన గిచ్చెన ఎక్కకు."

"ఎక్కితే నువ్వేమన్నా కళ్ళు మూసుకుంటావా పిన్నీ?"

"మూసుకోవడానికి అక్కడ చూడ్డానికేముంది? రెండు ఎండు పుల్లలు." మాడిన పై అంచు ఉన్న రొట్టెలే ఏరుకుంటూ గొంతు తగ్గించింది. "మెక్రిచీ నిన్ను ప్యాంటులోకి దించుతున్నాడటగా."

"అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా?"

"నీకంటే ముందే బయల్దేరింది. మంగళవారం పెద్దల సభలో ఆయన్ని నిలబెట్టి అడిగారట. సొంత బండి నడిపేవాడినే చక్కబెట్టుకోలేనివాడు సంఘాన్నేం చక్కబెడతాడని. ముసలాయన నోరు విప్పలేదట. ఇంటికెళ్ళి తిండి కూడా ముట్టలేదని ఆయన చెల్లెలు మారియన్ చెప్పింది."

వాటీ ఇంకో రొట్టె ఆమె బేసిన్‌లో పెట్టాడు. తనకు కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఏం చేస్తావు మరి?" అంది బెల్లాగ్. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"ముందు నీ బేసిన్ పట్టుకోనీ పిన్నీ, ఎగిరిపోతోంది."

ఊరు దాటాక ఎత్తు మీద వ్యాను ఆపాడు. అక్కడ అతన్ని పెంచిన ఎఫీ మెక్‌ఫెయిల్ ఇల్లు ఉండేది. ఇప్పుడు గోడలే మిగిలాయి. మగ్గం ఉండే పాకలో ఎవరివో గొర్రెలు గాలికి తలదాచుకుంటున్నాయి.

గ్లాస్గోలో తల్లి పోయి, తండ్రి ఎవరో తెలియని పిల్లలను నగరం వాళ్ళు ఓడలెక్కించి దీవుల్లోని ఇళ్ళకు పంచేవాళ్ళు. కోటుకు చీటీ గుచ్చి దింపితే, రేవులో ఒక్కొక్కరూ చీటీ చదువుకుని ఒక్కొక్క పిల్లను, పిల్లాడిని పట్టుకుపోయేవాళ్ళు. అలా దిగినవాళ్ళలో వాటీ ఒకడు. ఎఫీకి చదువు రాదు. చీటీని ఒకసారి తిరగేసి చూసి జేబులో పెట్టుకుని, "చేతులు చల్లగా ఉన్నాయి వీడికి" అంది. వాటీకి దీవి భాష అప్పుడు తెలియదు. తర్వాత ఆమే ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు, మగ్గమే సంసారం. వాడు వేసుకొచ్చిన నిక్కరు శీతాకాలానికల్లా చినిగిపోతే, మగ్గం మీద మిగిలిన చివరి ముక్కతో నడుముకు చుట్టి కుచ్చిళ్ళు పెట్టింది. బడిలో పిల్లలు "గ్లాస్గో కోడిపెట్ట" అని వెంటపడ్డారు. ఏడుస్తూ వస్తే ఆమె కోప్పడలేదు, ఓదార్చలేదు. "ఈ గుడ్డ నేను ఇంకెవరికీ ఇవ్వలేదు" అంది, అంతే. చీటీలు గుచ్చిన పిల్లలకి తమదంటూ ఏదీ ఉండదు. ఆ మాట విన్నాక వాటీకి ఒకటి ఉంది.

పెద్దయ్యాక పడవల మీద పనికి వెళ్ళాడు, ప్యాంట్లే వేసుకున్నాడు. తర్వాత క్షయ వచ్చింది. శానిటోరియంలో మంచం మీద ఉండగానే ఎఫీ పోయిందని కబురొచ్చింది. లేచి తిరిగి వచ్చేసరికి పొరుగింటివాళ్ళు గుడ్డలో చుట్టిన మూట చేతిలో పెట్టారు. రాళ్ళ మీద నాచు గీరి, ఉడకబెట్టి అద్దిన ఇటుకరంగు ఊలు. చూపు తగ్గిన కళ్ళతో ఎఫీ కూర్చుని, కుచ్చిళ్ళకు సరిపోయేంత పొడుగు నేసింది. అక్కడక్కడా పోగు తప్పింది. దర్జీ ఆ చోట్లు లోపలి మడతల్లోకి పోయేలా కుడతానంటే వాటీ వద్దన్నాడు.

ఆ కిల్ట్ కట్టుకునే మెక్రిచీ దగ్గరికి పని అడగడానికి వెళ్ళాడు. అప్పటికి ఇంకెవరూ పని ఇవ్వలేదు. క్షయ నయమైందని డాక్టరు చెప్పినా, ఎదురొస్తే జనం గుమ్మాల్లోకి తప్పుకునేవారు. మెక్రిచీ కిల్ట్ చూసి మొహం ముడుచుకున్నాడు, తర్వాత మనిషిని చూశాడు, "రేపు రా" అన్నాడు. మొదటివారం వాటీ చేత్తో ఇచ్చే రొట్టె కొనడానికి కొట్లో ఎవరూ ముందుకు రాలేదు. ఒకరోజు ఉదయం కొట్టు నిండా జనం ఉండగా మెక్రిచీ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "వాటీ, నాకో ముక్క తుంచు" అన్నాడు. వాటీ తుంచి ఇచ్చాడు. ఆయన టోపీ తీసి, కళ్ళు మూసుకుని, ఆశీర్వచనం పూర్తిగా చెప్పి, అక్కడే నిలబడి ఆ ముక్కంతా నమిలి మింగాడు. తర్వాత బెల్లాగ్ ముందుకొచ్చి తన బేసిన్ చాపింది.

ఇద్దరూ తనకి ప్రాణం పోసినవాళ్ళే. ఒకరి కోసం ఇంకొకరిని విప్పి పక్కన పెట్టడం ఎలాగో వాటీకి తెలియలేదు. గాలిలో కాసేపు నిలబడి, గొర్రెలకు ఒక విరిగిన బన్ను విసిరి, మళ్ళీ వ్యానెక్కాడు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఎండ ఏటవాలుగా బేకరీ నేల మీద పడుతోంది. పొయ్యి ఆర్పేశారు. మెక్రిచీ ఒక్కడే పిండి అంటిన బల్లను గీకుతున్నాడు. వాటీ తాళాలు తీసుకెళ్ళి బల్ల చివర పెట్టాడు.

"సోమవారం కుదరదండీ," అన్నాడు. "కోపం ఏమీ లేదు. అసలు మీరు లేకపోతే ఈపాటికి నేను లేను. సభలో మీకు తలవంపులు తెచ్చాననీ తెలిసింది. అది నాకు బాగాలేదు. కానీ ఇది విప్పడం మాత్రం నావల్ల కాదు."

"ఏముంది అందులో?" మెక్రిచీ గీకడం ఆపలేదు. "గుడ్డేగా."

"గుడ్డేనండీ. ఎఫీ నేసింది."

గీకుడు ఆగింది. "మెక్‌ఫెయిల్ ఎఫీయా? ఎత్తు మీద ఇంట్లో ఆవిడా?"

"నన్ను పెంచింది ఆవిడే కదండీ. ఇది ఆవిడ ఆఖరి నేత. అప్పటికి కళ్ళు సరిగా కనిపించేవి కావు."

మెక్రిచీ దగ్గరికి వచ్చాడు. పొడుగాటి మనిషి, నడుము వంచడానికి కాస్త సమయం పట్టింది. అంచు దగ్గర గుడ్డను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పిండి సరిచూసినట్టు నలిపి చూశాడు. పోగు తప్పిన చోట వేలు ఆగింది.

"గట్టిగా కొట్టి నేసింది," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు తీసెయ్యమన్నారండీ. ఎవరిచ్చారని అడగలేదు."

ఆయన నడుము నిలబెట్టుకుని, బల్ల మీది తాళాలు తీసి వాటీ చేతిలో పెట్టి, ఆ వేళ్ళను తన చేత్తో మూశాడు.

"నాకది నచ్చలేదు. ఇకముందు కూడా నచ్చదు. సభలో అడిగితే ఆ మాటే చెప్తాను. రొట్టెలు మోసేది ఎవరో నిర్ణయించేది నేనని కూడా చెప్తాను." మళ్ళీ బల్ల వైపు తిరిగి, "సోమవారం మామూలు వేళకే రా. వెళ్ళేముందు బండి కడుగు. పొద్దుపోయాక నా పెరట్లో పని ముట్టనివ్వను" అన్నాడు.

వాటీ బండి కడిగాడు. చక్రాల మధ్య మట్టి కూడా వేలితో తీసి కడిగాడు. ఇంటికి నడుస్తుంటే ఎవరికో గట్టిగా ధన్యవాదాలు చెప్పాలనిపించింది. దారిలో గొర్రెలు తప్ప ఎవరూ లేరు. సరే, వాటికే టోపీ ఎత్తాడు.

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వస్తూ పొరుగాయన వాటీ గుమ్మం దగ్గర ఆగి చెప్పాడు. ఉదయం ఆరాధన అయ్యాక మెక్రిచీ ఇంటికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, సూప్ చల్లారనివ్వమన్నాడట. చెల్లెలు మారియన్ గిన్నె పట్టుకొచ్చేసరికి పోయాడట. మొహం మీద బాధేమీ లేదట. వాటీ సాయంత్రందాకా ఆ గుమ్మంలోనే కూర్చుని, రాత్రి ప్రార్థనలో ఎఫీ పేరు పక్కన ఇంకో పేరు చేర్చాడు.

సోమవారం మామూలు వేళకే వెళ్ళాడు. కిల్ట్ శుభ్రంగా దులుపుకుని, కుచ్చిళ్ళు ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు. మారియన్ నల్లబట్టల్లో పొయ్యి దగ్గర ఉంది. అప్పటికే మొదటి విడత తీసేసింది.

"చావింటికి జనం వస్తారు, వాళ్ళకీ రొట్టె కావాలి," అంది. "మిగతా ఊళ్ళకీ కావాలి. ఆయనుంటే బండి ఆపనిచ్చేవాడా? వెళ్ళు నాయనా."

"అలాగేనండీ."

"శనివారం చీకటి పడేలోపు అటకంతా గాలించాడు," అంది ఆమె, రొట్టెలు తీసే కొయ్యపార గోడకు ఆనిస్తూ. "ఏం కావాలంటే చెప్పడు. కత్తెర ఎక్కడుందని మాత్రం అడిగాడు."

వాటీ ట్రేలన్నీ ఎక్కించి ముందు తలుపు తీశాడు. శీతాకాలమంతా అతని తొడల్ని మంచులా కరిచే నల్ల రెక్సిన్ సీటు కనిపించలేదు. దాని మీద, సీటు ఆకారానికి సరిగ్గా కత్తిరించిన గొర్రెతోలు పరిచి ఉంది. దట్టమైన తెల్లటి ఊలు పైకి ఉంది. నాలుగు మూలలూ రొట్టెలు కట్టే పురికొసతో సీటు కిందికి లాగి ముడివేసి ఉన్నాయి. ఒక ముడి మీద, ఎండిపోయిన పిండితో, బొటనవేలి ముద్ర.