పడుగు కాపలా

తెల్లవారక ముందే వీధి పొడవునా కర్రలు పాతి, చీరల నిలువు దారాలను బారుగా లాగి కట్టారు. ఆ పట్టు పడుగు మీదికి కుక్క రాకుండా, మేక మూతి పెట్టకుండా, పిల్లలు దూరకుండా చూడటమే పోతులయ్య పని. పిల్లలతోనే కష్టం. పోగులు తెగితే సావుకారు తిమ్మరాజు కర్ర లేస్తుంది. ఆ ఇంటి కర్ర ఎట్లాంటిదో పోతులయ్య కుడిచేతికి తెలుసు. తిమ్మరాజు నాయన బతికున్నప్పుడు, నేత చెడిందని మగ్గం మీదే కొట్టిన దెబ్బకు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. పడుగు పోగుల మధ్య నాడె విసరలేని చెయ్యి ధర్మవరంలో ఇంకెందుకు? కాపలాకు పనికొచ్చింది.

మొదట్లో తనూ కొట్టాడు. చింతబరికెతో పిల్లల పిక్కలు చీరాడు. తల్లి లేని మనవరాలు నీలావతినీ వదల్లేదు. చెవి వెనక నెత్తురు కారుతుంటే అది ఏడవకుండా తన మొహంలోకి చూసింది. వేళ్లు విరిగిన నాడు మగ్గం గుంతలోంచి తను పైకి చూసిన చూపు కూడా అదే. ఆ పూటే బరికెను పొయ్యిలో పెట్టాడు.

దొరల పిల్లలు రైల్లో మరిచిపోయిన బొమ్మల పుస్తకం ఒకటి స్టేషను కూలీ కొండప్ప తెచ్చిచ్చాడు. అందులో అన్నీ విమానాలు, చంద్రుడు, చుక్కలు. అక్షరం ముక్క రాకపోయినా పోతులయ్య అరుగు మీద కూర్చుని అది విప్పితే చాలు, పిల్లలు పడుగు దగ్గరికే పోరు.

"ఈ సుక్క నడుముకు ఏముండాది తాతా?" అంది నీలావతి, చుట్టూ వలయమున్న గ్రహం బొమ్మ చూపించి.

"వడ్డాణం. ఆడసుక్క గదా."

"మా అమ్మకు లేదే!" అన్నాడు పక్కింటి ఓబులేసు.

"మీ యమ్మ సుక్కేంది రా, సూరీడు. మీ నాయన్నడుగు, దగ్గరికి పోతే కాలుతాడంట."

పిల్లలు పడిపడి నవ్వారు. నీలావతి పేజీ తిప్పింది. విమానం.

"దీంట్లో కూచున్నోడికి మనం కనపడతామా?"

"నిలబడుకుంటే యాడ కనపడతాం? చేతులూపుతా పరిగెత్తల్ల. అప్పుడు సూస్తాడు."

నోటికొచ్చింది చెప్పాడు. రోజూ అంతే.

ఇంట్లోంచి తిమ్మరాజు వచ్చి నిలబడ్డాడు. "ఏమబ్బా, నిన్ను కాపలా పెట్నా, బడి పెట్టమంట్నా?"

"ఈడుంటే ఆడికి పోరని, సామీ."

"పోగు తెగిందా, నీ వీపూ నీ మనవరాలి వీపూ ఒకటే."

అవి యుద్ధం రోజులు. బెంగుళూరు దిక్కుకు విమానాలు పోతున్నాయని అనుకోవడమే గాని, ఈ వీధి మీదుగా ఒక్కటీ పోలేదు. ఆ పొద్దున పోయింది. ఇళ్ల మీద ఆనేట్టు, చెవులు పగిలేట్టు వచ్చింది. పోతులయ్య లేచేలోగా పిల్లలు అరుగు దూకారు. ఓబులేసు చొక్కా దొరికింది గాని నీలావతి దొరకలేదు. మొహం ఆకాశానికి ఎత్తి, రెండు చేతులూ ఊపుతూ పడుగులోకి పరిగెత్తింది. కర్రలు పెళ్లగిలాయి. పట్టు పోగులు ఫట్‌ఫట్‌మని తెగి పిల్ల మెడకు, జుట్టుకు చుట్టుకున్నాయి.

పెళ్లగిలిన కర్రనే తిమ్మరాజు అందుకున్నాడు. మొదటి దెబ్బకు పిల్ల బోర్లా పడింది. రెండోది భుజాన పడింది. మూడోదానికి అడ్డంగా పోతులయ్య వీపు వచ్చింది.

"ఇడ్సు సామీ! పరిగెత్తమని నేనే చెప్పినా!"

"నువ్వేనా? ఐతే నువ్వే తిను!"

పక్కల మీద, మెడ మీద, తల మీద కొట్టాడు. కూలి మగ్గాల వాళ్లంతా గడపల్లో నిలబడ్డారు. తిమ్మరాజు పనిస్తేనే వాళ్లకు తిండి. ఎవడో "చాలప్పా" అన్నాడు, అదీ లోపలినుంచి.

అరుగు మీదికి చేర్చేటప్పటికి పోతులయ్య చెవుల్లోంచి నెత్తురు వస్తోంది. నీలావతి కుంటుకుంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"సూసినాడామ్మీ, ఇమానంలోనోడు?"

"సూడలేదు తాతా. ఎలబారిపోయినాడు."

"రేపు సూస్తాడులే. నీళ్లు ఆడ పెట్టు, తాగుతా."

మధ్యాహ్నానికి మనిషి చల్లబడ్డాడు. పొద్దు వాలకముందే కాటికి మోసుకుపోయారు. వీధిలో తెగిన పోగులు ముడివేసే పని మొదలైంది. అరుగు మీద ఆ చెంబు అట్లాగే ఉంది. పిల్ల జుట్టులోంచి రాలిన ఎర్రటి పట్టు పోగు ఒకటి అందులో నీళ్ల మీద తేలుతోంది.